దగ్గుబండి

బండికి మంచి శబ్దం అనేది ఒకటి ఉంటుందని నాకు మధిరలో ఒక ఎర్ర కారు వల్ల తెలిసింది. మిర్చి వ్యాపారి కొడుకు ఒకాయన దాన్ని మద్రాసు నుంచి కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, నేలకు జానెడు ఎత్తు. మా రోడ్ల మీద దాని పొట్ట రాయికీ రప్పకీ తగిలి గీరుకుపోయేది. వచ్చిన కొత్తలో ఊరంతా మూగింది. "ఇందులో బస్తా మిర్చి కూడా పట్టదు, ఏం చేసుకుంటావురా" అని వాళ్ల నాన్న ఒక్కడే పెదవి విరిచాడు.

నెల తిరిగేసరికి ఆ కారు వైపు తల తిప్పేవాళ్లే లేకపోయారు. ఆయనకు నిద్ర పట్టలేదు. మా షెడ్డుకు వచ్చి మేస్త్రి దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. "కుట్టుమిషన్ లాగా పోతోందయ్యా. నేను స్టేషన్ రోడ్డు ఎక్కగానే బజార్లో కూర్చున్నవాళ్లకు తెలియాలి" అన్నాడు. నాకప్పటికి పాతికేళ్లు దగ్గర పడుతున్నాయి. మేస్త్రి కింద మెకానిక్‌ని. నాకు ఈ పని మహా తేలికగా కనిపించింది. సైలెన్సర్ డబ్బాలో రేకు అడ్డాలు ఉంటాయి. ఇంజన్లోంచి ఉరికొచ్చే పొగ ఆ అడ్డాల మధ్య తిరిగి తిరిగి అలిసిపోయి మెత్తగా బయటికొస్తుంది. అడ్డాలన్నీ పీకేస్తే గోలే గోల. పీకేద్దామన్నాను.

మేస్త్రి నా వంక జాలిగా చూశాడు. "గోల పెంచటం ఎవడైనా చేస్తాడురా. గొంతు మార్చటం పని" అన్నాడు. ఒక అడ్డం తీశాడు, ఒకదానికి బెజ్జాలు వేశాడు, ఒకదాన్ని ముట్టుకోలేదు. కొస గొట్టం మూరెడు పొడిగించి వెల్డింగ్ పెట్టాడు. స్టార్ట్ చేస్తే ఆ కారు లోపల్నుంచి, కడుపులోంచి పలికింది. ఓనరు కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుదామనుకున్నాను గానీ నాకూ ఒళ్లు ఝల్లుమంది. ఆ తర్వాత ఊరు మళ్లీ తల తిప్పింది, రెండు గేదెలు పలుపు తెంపుకున్నాయి, మిర్చి ధర పడిపోగానే వాళ్ల నాన్న కారు అమ్మేశాడు. నా మట్టుకు నాకు ఆ రోజు నుంచి ఏ బండి ఎదురొచ్చినా ముందు దాని గొంతు వినడం అలవాటైపోయింది.

ఎనభైల మొదట్లో నాకు సర్కారీ డ్రైవర్ ఉద్యోగం వచ్చింది. పినపాక అవతల, అడవిని ఆనుకుని ఉన్న దవాఖానాకు వేశారు. ఒక డాక్టర్ గారు, ఒక పాత పెట్రోల్ జీపు, గుంపులు తిరిగే నర్సు ఒకామె. గుంపు అంటే అక్కడ అడవిలో పది పదిహేను ఇళ్ల చిన్న పల్లె. ఆమె కొత్తగూడెం బొగ్గుబాయి కార్మికుడి కూతురు. నాకన్నా పెద్దది. నేను అక్కా అనేవాణ్ణి, ఆమె తమ్మీ అనేది. నోరు మాత్రం చురుకు. డాక్టర్ గారిని కూడా లెక్కచేసేది కాదు.

మొదటిసారి ఆమెను వాగు అవతలి గుంపుకు తీసుకెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. పొయ్యి మీద అన్నం కుతకుత ఉడుకుతోంది. గంప కింద కోడి ఉంది. ఒక ఇంటి వసారాలో చీర ఉయ్యాల ఇంకా ఊగుతోంది. అందులో పిల్ల లేదు. ఊళ్లో మనిషన్నవాడే లేడు.

"సూదికి భయపడి పోయారా అక్కా?" అన్నాను.

"సూదికి కాదు తమ్మీ, జీపుకు" అంది ఆమె, మందుల పెట్టె మీద కూర్చుంటూ. "జీపుల వచ్చినోడు ఎవడన్నా వీళ్లకు ఇచ్చిపోయిండా? ఒకడు కట్టె ఎందుకు కొట్టినవ్ అంటడు. ఒకడు భూమి ఎందుకు దున్నినవ్ అంటడు. ఒకడు ఇప్పసారా కుండలు పగలగొడ్తడు. జీపు మోతైతే సాలు, పిల్లలను సంకనేసుకొని అడవిలకు ఉరుకుతరు. మనది మందుల బండని వాళ్లకెట్ల తెలుస్తది?"

వాగు ఇవతలే ఆపి నడిచి వెళ్లి చూశాం. లాభం లేదు. అడవిలో జీపు మోత చాలా దూరం పోతుంది. మేం వాగు దాటేలోపే ఊరు ఖాళీ. ఆమె ఒక్కతే నడిచి వెళ్లాలంటే దవాఖానా నుంచి పూటంతా నడక. ఆమె కింద అలాంటి గుంపులు చాలా ఉన్నాయి.

అయినా అక్క ఆ గుంపును వదల్లేదు. దానికి కారణం ఒక కోడలు పిల్ల. గుంపు పెద్దమనిషి కొడుకు భార్య. అక్క ఆమెను ఒకసారి సంతలో చూసింది. కడుపుతో ఉంది. పాదాలు వాచి కడియాలు కండలోకి దిగబడ్డాయి. అక్కడే చెట్టు నీడన కూర్చోబెట్టి బీపీ చూస్తే చాలా ఎక్కువ ఉంది. అంతకుముందు రెండు కాన్పుల్లోనూ బిడ్డ చచ్చే పుట్టింది.

"ఈసారి గూడ ఇంట్లనే కాన్పయితే తల్లి దక్కది తమ్మీ" అంది అక్క, తిరిగి వస్తుంటే. "వారం వారం సూడాలె. మందులియ్యాలె. నెలలు నిండేసరికి ఇక్కడికి తీసుకరావాలె. నువ్వు బండి తీస్తె ఆమె అడవిల దాక్కుంటది. వాచిన కాళ్లతోని ఉరుకుతది. మనం పోవుడే ఆమెకు పాణం మీదికి తెస్తున్నది."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మందులిచ్చేవాడి బండి చప్పుడికి నెలలు నిండుతున్న మనిషి పరుగెత్తడం ఏం ఖర్మ?

తర్వాతి సంతలో అక్క ఆ పిల్ల మామను పట్టుకుంది. పొడుగ్గా, ఎండిన టేకు కర్రలా ఉండేవాడు. మాట తక్కువ. ఇంట్లో వాళ్ల భాష, మాతో తెలుగు. అక్క ఆయన్ను గట్టిగానే నిలదీసింది. "మేం పాణం పోసేటోళ్లం. మమ్ముల సూసి ఉరుకుడేంది?"

ఆయన కోప్పడలేదు. ఎదురుగా మేస్తున్న తన ఎద్దు మెడలో కొయ్య గంటను చూపించాడు. "మా గొడ్లు అడవిల మేస్తయమ్మా. కండ్లకు కానరావు. ఇంటికొక గంట. ఒక్కోదానికి ఒక్కో మోత. ఇంట్ల కూసొని ఎవరి గొడ్డు ఏడున్నదో చెప్తం. మీ బండ్లన్నిటికీ ఒకటే మోత. ఏది కరుస్తదో ఏది కరవదో మాకెట్ల తెలవాలె?"

నేను ఆ ముసలాయన ఎద్దు దగ్గరికి వెళ్లి గంటను ఒకసారి ఊపి చూశాను. గొంతు మార్చటం పని అని మేస్త్రి అన్న మాట గుర్తొచ్చింది. "మా బండికి వేరే మోత కడితే ఆగుతారా?" అన్నాను.

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "కట్టినంక విన్పియ్యి" అన్నాడు.

డాక్టర్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. "ప్రభుత్వ వాహనానికి అలాంటి మార్పులు చేయకూడదు" అన్నాడు. నిజమే. తర్వాత కాసేపు కిటికీలోంచి జీపును చూసి, "నాకు చెప్పకుండా చెయ్యకూడదా ఏమయ్యా" అన్నాడు. ఆయన మంచివాడే, కాకపోతే భయం పాలు కొంచెం ఎక్కువ. నేను జీపును మణుగూరు తీసుకెళ్లి, తెలిసిన వెల్డింగ్ షాపులో పెట్టించాను.

మొదటి ప్రయత్నం చెబితే సిగ్గు. ఉత్సాహంలో మేస్త్రి పాఠం మరిచిపోయి అడ్డాలన్నీ పీకేశాను. పెట్రోల్ బండికి ఒక గుణం ఉంది. పరుగు మీద ఉన్నప్పుడు ఎక్సలేటర్ వదిలితే, కాలకుండా మిగిలిన ఆవిరి గొట్టంలోకి వచ్చి అక్కడ పేలుతుంది. సైలెన్సర్ బాగుంటే అది బయటికి వినపడదు. అడ్డాలు లేని గొట్టంలో తుపాకీ పేలినట్టే ఉంటుంది. వాగు దిగుడులో నేను కాలు తీయగానే ఢామ్మని మోగింది. మళ్లీ ఢామ్. ఆ రోజు వాగు అవతలి గుంపే కాదు, దాని పక్క గుంపు కూడా అడవిలోకి పోయిందట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది అంటారే, అలా అయింది.

"ఇగ జెర ఫిరంగి గూడ కట్టు తమ్మీ, ఆంధ్రా దాంక ఉరుకుతరు" అంది అక్క.

రెండోసారి ఒళ్లు దగ్గర పెట్టుకున్నాను. ఒక అడ్డం మళ్లీ పెట్టించాను, రెండోదానికి బెజ్జాలు వేయించాను. డబ్బా చుట్టూ ఇంకో రేకు చుట్టించాను. కొస గొట్టాన్ని రెండుగా చీల్చి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పెట్టించాను. ఎందుకంటే ఒక్క గొట్టంతో ఎంత తంటాలు పడినా అది జీపు లాగానే మోగుతోంది. షాపు అతను విసుక్కున్నాడు. కోయడం, అతకడం, తిప్పి వినడం, మళ్లీ కోయడం. చివరికి ఒక సాయంత్రం ఆ గొంతు కుదిరింది. మామూలుగా పోతుంటే రెండు గొంతులతో గురగురమంటుంది. కాలు తీస్తే ఆ పేలుడు మెత్తబడి, చుట్ట తాగే ముసలాయన దగ్గులాగా ఖళ్, ఖళ్ అని రెండుసార్లు దగ్గుతుంది.

నాకు ఇది అందమైన శబ్దం అనిపించింది. ఎర్ర కారు శబ్దం విన్నప్పుడు ఒళ్లు ఝల్లుమన్నట్టే దీనికీ అయింది. దవాఖానాకు తెచ్చి డాక్టర్ గారి కిటికీ కింద ఆపితే, జీపు రెండుసార్లు దగ్గింది. ఆయన కాగితాల్లోంచి తల ఎత్తకుండా, "నాకేం వినపడలేదు" అన్నాడు.

సంత రోజు జీపును సంత చివర ఆపి, ముసలాయన్ను పిలిచి, కదిలించి, కాలు తీశాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ అన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్లీ వినిపించాను. సంతకొచ్చిన గుంపు వాళ్లు చుట్టూ చేరారు. ఎవరో ఆడమనిషి వాళ్ల భాషలో ఏదో అంటే అందరూ నవ్వారు. ముసలాయన కళ్లు తెరిచి, "దగ్గుతున్నది గద. మందు దీనికే కావాలె అంటున్నరు" అన్నాడు. అప్పటి నుంచి అది దగ్గుబండి అయింది.

మొదటిసారి సగం గుంపు ఆగింది. మిగతా సగం చెట్ల వెనక నుంచి చూసి మెల్లగా వచ్చింది. ఆ తర్వాత జీపు వాగు దిగుతూ దగ్గితే చాలు, పిల్లలు ఎదురొచ్చేవాళ్లు. ఆ కోడలు పిల్ల వసారాలో కూర్చుని, అక్క బీపీ పట్టీ తీయకముందే చెయ్యి చాపేది. సిగ్గు ఎక్కువ. నవ్వితే ముఖం పక్కకు తిప్పుకునేది. ఆమె భర్త మాత్రం దూరంగా గోడకు ఆనుకుని నిలబడి చూసేవాడు. ఇద్దరు బిడ్డల్ని పూడ్చినవాడు, ఊరికే నమ్మడు కదా. అయినా వారం వారం బీపీ కొంచెం దిగుతుంటే అతను కూడా ఒక రోజు నాకు తాగడానికి నీళ్లు తెచ్చి ఇచ్చాడు. నా గర్వానికి పట్టపగ్గాలు లేవు. మిర్చి వ్యాపారి కొడుకు కూడా తన కారు చూసుకుని అంత మురిసి ఉండడు.

శ్రావణమాసంలో మా చెల్లెలి పెళ్లి. సెలవు పెట్టి మధిర వెళ్లాను. తిరిగి వచ్చేసరికి షెడ్డులో జీపు నిండా బురద. వెనక సీట్ల మధ్య కుండ పెంకులు. ఇప్పసారా వాసన గుప్పుమంది. అక్క వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి, కూర్చోమని పక్కన నేల మీద చేత్తో తట్టింది.

జరిగింది ఇది. ఇంకో ఆఫీసు వాళ్ల జీపు రిపేర్లో ఉంది. మా బండి అడిగారు. ఏ ఆఫీసో ఇప్పుడు చెప్పి లాభం లేదు. ఆ రోజుల్లో ఒకరి బండి ఒకరు వాడుకోవడం అక్కడ మామూలే. కాదనే ధైర్యం మా డాక్టర్ గారికి లేదు. వాళ్ల డ్రైవరే నడుపుకుంటూ వాగు అవతలి గుంపుకు వెళ్లాడు. జీపు దిగుడులో దగ్గింది. గుంపంతా ఎదురొచ్చింది.

"అందరికన్న ముందు ఆమె వచ్చిందంట తమ్మీ" అంది అక్క. "చెయ్యి చాపుకుంట వచ్చిందంట, బీపీ చూస్తరని."

జీపులోంచి దిగిన ఆఫీసు వాళ్లు ఇళ్లలోకి చొరబడి సారా కుండలు పగలగొట్టారు. ఆమె భర్త కొత్త వసారాకని దాచుకున్న టేకు దుంగ దొరికితే అతన్ని జీపులో వేసుకుని పోయారు. కొన్ని రోజులు ఉంచుకుని వదిలారు.

నేను వెళ్లి ఆ జీపును ఒక్క తన్ను తన్నాను. అత్త మీద కోపం దుత్త మీద. వేళ్లు వాచాయి. ఆ గొట్టాలు కోసి పారేస్తానని రంపం తీశాను. అక్క వచ్చి రంపం లాక్కుంది. "కోస్తే ఏమొస్తది? ఆమె కాన్పు దినాలు దగ్గర పడ్డయ్. నీ కోపం తర్వాత తీర్చుకుందువు గని" అంది.

మర్నాడు జీపు తీశాం. దగ్గు వినపడగానే గుంపు ఖాళీ అయింది. పాత జీపు మోతకు ఉరికినదానికంటే ఎక్కువ దూరం పోయారు. మేం ఎంతసేపు కూర్చున్నా తిరిగి రాలేదు. ఊరికే భయపడడం వేరు, నమ్మాక భయపడడం వేరు. ఆ తేడా నాకు ఆ ఖాళీ వసారాలో కూర్చున్నప్పుడు తెలిసింది.

మరో రెండు రోజులకు జీపు వదిలేసి, తెల్లారకముందే నడిచి బయల్దేరాం. ఎండ ఎక్కే వేళకు గుంపు చేరితే జనం ఇళ్లలోనే ఉన్నారు. ఎవరూ పారిపోలేదు, ఎవరూ పలకరించలేదు. ముసలాయన ఇంటి ముందు కట్టెలు చీలుస్తున్నాడు. నీళ్లు కూడా ఇవ్వలేదు.

"ఆ రోజు బండి నడిపింది నేను కాదు, పెద్దయ్యా" అన్నాను.

"తెలుసు."

"నేను ఊళ్లోనే లేను. మా చెల్లెలి పెళ్లికి పోయాను."

"అది గూడ తెలిసింది." గొడ్డలి పక్కన పెట్టాడు. "మాకాడ ఒక పద్ధతున్నది. గొడ్డు పోయి ఎవరి చేనుల పడ్డదో, ఆ చేనోడు గంట చూస్తడు. గంట ఎవరిదో తప్పు వాళ్లది. కాపలా ఎవడు కాసిండు, ఎవడు వదిలిండు, అదంత మేం అడగం. గంట కట్టినోడు వచ్చి అందరి ముంగట తప్పు ఒప్పుకుంటడు. కోడి కోస్తడు. అందరు తింటరు. గప్పుడు మాట కలుస్తది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. అక్కడ లేనివాడిది తప్పెట్లా అవుతుంది? ఎవడో చేసిన పాడుపనికి నేనెందుకు తల దించాలి? అనబోతుంటే అక్క నా మోచెయ్యి గట్టిగా గిచ్చింది. ఆమె చూపు ఇంటి వైపు ఉంది. గుమ్మంలో ఆ కోడలు పిల్ల నిలబడి ఉంది. పాదాలే కాదు, ముఖం కూడా ఉబ్బింది. కళ్లు చిన్నవైపోయాయి. మందులు ఆగి ఎన్నాళ్లయిందో.

పక్కింట్లోనే పుంజును కొన్నాను. గుంపంతా వచ్చి కూర్చుంది. నేను నిలబడి, గంట నాదే, తప్పు నాదే అన్నాను. నా తప్పు కాదని లోపల ఇప్పటికీ అనిపిస్తుంది, దాచను. కానీ ఆ మాట పైకి అన్నాక ఎదురుగా ముఖాలు సడలడం చూశాను. ముసలాయన నాకు నీళ్లు ఇప్పించాడు. అందరూ తిన్నారు.

ఆ పిల్ల భర్త ఒక్కడే తినలేదు. విస్తరి తోసేసి, "నా పెండ్లాం ఆ బండి ఎక్కది" అన్నాడు. ముసలాయన కొడుకును మందలించలేదు. అక్క మందులు ఇచ్చి, కాన్పు ఇక్కడ వద్దని, నొప్పులు మొదలవగానే కబురు పంపమని అతన్ని బతిమాలింది. అంత బతిమాలడం నేను ఆమె దగ్గర ఎన్నడూ చూడలేదు. అతను లేచి వాగు వైపు వెళ్లిపోయాడు. తిరుగు దారిలో అక్క ఏడ్చింది. ఊరడించడం చేతకాక మందుల పెట్టె నేను మోశాను.

కొన్ని రోజుల తర్వాత, పొద్దు తిరిగే వేళ, ముసలాయన దవాఖానా గేటు దాటి వచ్చాడు. పంచె తొడల దాకా తడిసి ఉంది. వాగు పొంగుతున్నట్టుంది.

"నొప్పులు మొదలైనయ్. తల తిరుగుతున్నదంటున్నది. బండి తియ్యి" అన్నాడు.

"మీవాడో?" అన్నాను.

"వాడే పంపిండు."

తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారని ఇప్పుడే చెప్పేస్తున్నాను. ఆడపిల్ల. చదివేవాళ్లను ఉగ్గబట్టుకుని కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. నాకు చెప్పాలని ఉన్నది ఆ దారి సంగతి.

ముసలాయన ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాడు. వాగు దగ్గరికి వెళ్లేసరికి భర్త ఆమెను వీపున వేసుకుని నడుంలోతు నీళ్లలో దాటుతున్నాడు. ఒడ్డుకు తెచ్చి వెనక సీట్లో అక్క ఒడిలో పడుకోబెట్టాడు. దిగి నిలబడ్డాడు. జీపును కొస గొట్టాల దాకా చూశాడు. అతన్ని ఆ సీట్ల మధ్యనే కదా కూర్చోబెట్టి పట్టుకుపోయింది. నేను ఇంజన్ తిప్పకుండా ఆగాను. కాసేపటికి వెనక కమ్మీ పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు. లోపలికి మాత్రం రాలేదు.

దవాఖానాకు దారి మూడు గుంపుల మీదుగా పోతుంది. గతుకుల్లో ఆమెకు నొప్పి తెలియకుండా ఉండాలని మాటిమాటికీ కాలు తీయాల్సి వచ్చింది. తీసినప్పుడల్లా బండి దగ్గింది. మొదటి గుంపు దగ్గర కలుపు తీసి వస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు, గంపలు దారిలోనే పడేసి పొదల్లోకి ఉరికారు. ఒక ముసలామె పరుగెత్తలేక చెట్టు బోదె వెనక నక్కింది. వాగు అవతల జరిగిన కబురు ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. నేను చేసిన గంట ఇప్పుడు ఎలాంటి గంటయిందో నా కళ్లతో చూశాను. ఏడుపొచ్చింది.

అప్పుడు వెనక నుంచి పెద్ద కేక వినిపించింది. నొప్పి అనుకుని బ్రేకు వేశాను. అద్దంలో చూస్తే ఆ పిల్ల అక్క భుజం పట్టుకుని లేచి, తల బయటికి పెట్టి, పొదల వైపు చూసి వాళ్ల భాషలో అరుస్తోంది. సిగ్గుతో ముఖం తిప్పుకునే పిల్లేనా అనిపించింది.

"ఏమంటోంది పెద్దయ్యా?"

"'నేనే, బండిల నేనున్న, దాక్కోకుండ్రి' అంటున్నది."

పొదల్లోంచి ఒక తల లేచింది. తర్వాత ఇంకొకటి. చెట్టు వెనక ముసలామె బయటికి వచ్చి చేతులు జోడించింది, ఎవరికో తెలియదు.

రెండో గుంపు దగ్గర కూడా, నొప్పికి నొప్పికి మధ్య, ఆ పిల్లే లేచి అరిచింది. ఆరోజు నాకు ఆమె మీద కొంచెం ఈర్ష్య కూడా కలిగింది. నేను ఎన్నాళ్లో కోసి అతికి కుదిర్చిన పని ఆమె రెండు మాటలతో చేస్తోంది.

మూడో గుంపుకు వచ్చేసరికి ఆమెకు ఓపిక అయిపోయింది. కళ్లు మూతలు పడుతున్నాయి. అక్క చెంపలు తడుతూ, "పండుకోకు బిడ్డా, నన్ను చూడు" అంటోంది. ముందు దిగుడు. కాలు తీయక తప్పదు. తీశాను. బండి దగ్గింది. ఇళ్ల ముందు ఉన్నవాళ్లు లేచి పిల్లల్ని ఎత్తుకున్నారు.

వెనక మెట్టు మీద నుంచి ఆమె భర్త అరిచాడు. వరసగా, గొంతు చించుకుని, ఒకటే మాట. ఇళ్ల ముందు పరుగు ఆగింది. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు అలాగే నిలబడి దారి ఇచ్చారు.

"వాడేమంటున్నాడు పెద్దయ్యా?" అన్నాను.

ముసలాయన ముందున్న కమ్మీని రెండు చేతులతో పట్టుకుని దారి వైపే చూస్తున్నాడు.

"'మన బండే, ఉరకకుండ్రి, మన బండే' అంటున్నడు" అన్నాడు.